నెలలు నిండని బిడ్డల్లో ఊపిరి ఆగడం: ఎందుకు, ఎంతమందిలో, ఎన్నాళ్లు

క్లుప్తంగా: నెలలు నిండకుండా పుట్టిన బిడ్డల్లో ఊపిరి కొన్ని సెకన్లు ఆగి మళ్లీ మొదలవడాన్ని డాక్టర్లు ఆప్నియా అంటారు. 29 వారాల్లోపు పుట్టిన దాదాపు ప్రతి బిడ్డలోనూ ఇది కనిపిస్తుంది. 34-35 వారాలకు పుట్టినవారిలో వందకు ఏడుగురికి వస్తుంది. ఊపిరిని నడిపే మెదడు భాగం ఇంకా ఎదుగుతూ ఉండటమే దీనికి మూలం. కెఫీన్ మందు, ముక్కు ద్వారా గాలి ఒత్తిడి ఇచ్చే సీప్యాప్, మానిటర్ మీద నిరంతర పర్యవేక్షణ ప్రధాన చికిత్సలు. ఎక్కువమందిలో గర్భం లెక్క ప్రకారం 36-37 వారాలు వచ్చేసరికి తగ్గిపోతుంది. మరీ ముందుగా పుట్టినవారిలో 43-44 వారాల దాకా పట్టవచ్చు.

ఎన్‌ఐసీయూ (నవజాత శిశువుల ఐసీయూ) బయట ఎదురుచూసే కుటుంబాలకు ఎక్కువ టెన్షన్ పెట్టే మాట, "రాత్రి బిడ్డ రెండుసార్లు ఊపిరి ఆపింది" అన్నది. పాలు జీర్ణం చేసుకుంటూ, బరువు పెరుగుతున్న బిడ్డకు కూడా ఇలా జరుగుతుంది. పుట్టి మూడు వారాలైనా ఎందుకు తగ్గలేదు, మందు ఆపాక కూడా ఇంకో వారం ఎందుకు ఉంచుతున్నారు, ఇంటికి వెళ్లాక మళ్లీ వస్తే ఏం చేయాలి అన్న ప్రశ్నలు ఆ వెంటనే మొదలవుతాయి. వీటిలో చాలావాటికి జవాబు బిడ్డ వయసును లెక్కపెట్టే పద్ధతిలో ఉంది. డాక్టర్లు ఇక్కడ చూసేది తల్లి ఆఖరి నెలసరి మొదటి రోజు నుంచి లెక్కించిన వయసు, అంటే కడుపులో గడిపిన వారాలకు పుట్టాక గడిచిన వారాలు కలిపితే వచ్చేది. 30 వారాలకు పుట్టి నాలుగు వారాలు ఎన్‌ఐసీయూలో ఉన్న బిడ్డ వయసు ఈ లెక్కలో 34 వారాలు. ఇంట్లోవాళ్ల దృష్టిలో నెల బిడ్డ అయినా, ఊపిరిని నడిపే మెదడుకు ఇంకా ఆరు వారాల గర్భవాసం బాకీ ఉంది.

ఎన్ని సెకన్లు ఆగితే ఆప్నియా

నెలలు నిండిన బిడ్డ ఊపిరి కూడా పెద్దవాళ్లలా ఒకే లయలో సాగదు. నిమిషానికి 40 నుంచి 60 సార్లు ఊపిరి తీసుకుంటూ, మధ్యలో కాస్త వేగం పెంచి, ఐదు నుంచి పది సెకన్లు ఆపి, మళ్లీ మొదలుపెడుతుంది. గుండె వేగం పడిపోదు, ఒంటి రంగు మారదు. దీన్ని పీరియాడిక్ బ్రీతింగ్ అంటారు. నెలలు నిండని బిడ్డల్లో ఇది ఇంకా తరచుగా ఉంటుంది. దీనికి చికిత్స అక్కర్లేదు.

అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ నిర్వచనం ప్రకారం ఊపిరి 20 సెకన్లు లేదా అంతకుమించి ఆగితే ఆప్నియా. 20 సెకన్ల కంటే తక్కువసేపు ఆగినా, దాంతోపాటు గుండె వేగం నిమిషానికి 100 కంటే కిందికి పడిపోయినా, రక్తంలో ఆక్సిజన్ తగ్గి ఒళ్లు నీలంగా మారినా, పాలిపోయినా అదీ ఆప్నియాయే. ఈ రెండో షరతు చాలా ముఖ్యం. కిలో బరువున్న బిడ్డ ఊపిరితిత్తుల్లో ఆక్సిజన్ నిల్వ చాలా తక్కువ కాబట్టి, పది పన్నెండు సెకన్ల విరామానికే శాచురేషన్, అంటే రక్తంలో ఆక్సిజన్ శాతం చూపే అంకె, దిగిపోవచ్చు. సెకన్ల లెక్కను గుండె వేగం, శాచురేషన్‌లతో కలిపి చూడాలి.

వారాన్ని బట్టి మారే శాతాలు

ఎంతమందిలో అన్న ప్రశ్నకు ఇప్పటికీ ఎక్కువగా ఉదహరించే లెక్కలు ఆస్ట్రేలియా వైద్యుడు హెండర్సన్-స్మార్ట్ 1981లో ప్రచురించినవి. 34-35 వారాలకు పుట్టినవారిలో 7 శాతం, 32-33 వారాలవారిలో 15 శాతం, 30-31 వారాలవారిలో 54 శాతం మందికి మళ్లీ మళ్లీ ఆప్నియా వచ్చింది. 29 వారాల్లోపు, లేదా కిలో లోపు బరువుతో పుట్టినవారిలో దాదాపు అందరికీ వస్తుంది. 35 వారాల దగ్గర అరుదుగా ఉన్నది 30 వారాల దగ్గర సగం మందికి, మరో రెండు వారాలు వెనక్కి వెళితే అందరికీ చేరుతోంది. మెదడు కాండంలో ఊపిరి కేంద్రం ఏ వారాల్లో వేగంగా ఎదుగుతుందో ఈ అంకెలే చెబుతున్నాయి.

తెలుగు ఇళ్లలో "ఏడో నెల బిడ్డ బతుకుతుంది, ఎనిమిదో నెల బిడ్డ దక్కదు" అనే మాట ఇప్పటికీ వినిపిస్తుంది. పై శాతాలు దానికి పూర్తిగా ఎదురు. ఎనిమిదో నెలలో, అంటే 32 వారాలు దాటాక పుట్టిన బిడ్డకు ఆప్నియా వచ్చే అవకాశం ఏడో నెల బిడ్డ కంటే ఎన్నో రెట్లు తక్కువ. ఊపిరితిత్తుల ఎదుగుదల, పాలు పీల్చే శక్తి విషయంలోనూ ఇదే వరస. కడుపులో గడిచే ప్రతి వారం బిడ్డకు లాభమే. ఆ మాటను నమ్మి ఎనిమిదో నెల బిడ్డను ఆసుపత్రికి చేర్చడంలో ఆలస్యం చేస్తే తిప్పుకోలేని నష్టం జరగవచ్చు.

2020లో ప్రపంచంలో దాదాపు 1.34 కోట్ల మంది నెలలు నిండకముందే పుట్టారని, అందులో సుమారు 30 లక్షల మంది భారత్‌లోనే పుట్టారని ప్రపంచ ఆరోగ్య సంస్థతో కలిసి వేసిన అంచనా చెబుతోంది. ప్రపంచవ్యాప్తంగా వీరిలో 32 వారాల్లోపు పుట్టినవారు 15 శాతం వరకు ఉంటారు. కాబట్టి ముందుగా పుట్టిన బిడ్డల్లో ఎక్కువమందికి ఆప్నియా రాదు. కానీ ఎన్‌ఐసీయూలో వారాల తరబడి ఉండేవారు ఆ 15 శాతంలోనివారే కనుక, అక్కడ చుట్టూ చూసిన తల్లిదండ్రులకు ప్రతి బిడ్డకూ ఇదే సమస్య ఉన్నట్టు అనిపిస్తుంది.

34 నుంచి 36 వారాల మధ్య పుట్టిన బిడ్డల గురించి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. రెండు, రెండున్నర కిలోల బరువుతో, చూడటానికి నెలలు నిండినట్టే ఉంటారు. అందుకే జాగ్రత్త తగ్గుతుంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు సిజేరియన్లే. దేశ సగటు 21.5 శాతం. సిజేరియన్ అయినంత మాత్రాన బిడ్డ నెలలు నిండనిది కాదు. అయితే వైద్య కారణం లేకుండా, మంచి ముహూర్తం కోసం కాన్పును ముందుకు జరిపితే పరిస్థితి మారుతుంది. స్కాన్‌లో వేసిన తేదీకి ఒకటి రెండు వారాల తేడా ఉండవచ్చు. 37 వారాలనుకుని తీసిన బిడ్డ నిజానికి 35 వారాలదై ఉంటే, ఆ 7 శాతం ముప్పును కోరి తెచ్చుకున్నట్టే.

లెక్కలో తేడా వచ్చేది ఎక్కడ

ఆప్నియా ఎంతమందిలో ఉందన్నది దాన్ని పట్టుకునే సాధనం మీద కూడా ఆధారపడుతుంది. మామూలు మానిటర్ ఛాతీ మీద అతికించిన ఎలక్ట్రోడ్ల ద్వారా ఛాతీ కదలికను కొలుస్తుంది. గొంతు మూసుకుపోయినప్పుడు బిడ్డ ఊపిరి కోసం పెనుగులాడుతుంది, ఛాతీ కదులుతూనే ఉంటుంది, లోపలికి గాలి మాత్రం పోదు. మానిటర్ దాన్ని ఊపిరిగానే లెక్కిస్తుంది. చివరికి శాచురేషన్ పడిపోయి, గుండె వేగం తగ్గాకే అలారం మోగుతుంది. మరోవైపు, బిడ్డ కాళ్లు ఆడించినా, ప్రోబ్ జారినా తప్పుడు అలారాలు వస్తాయి.

నర్సులు చార్టులో రాసే సంఖ్య, మానిటర్ రికార్డును సెకను సెకనుకూ పరిశీలిస్తే వచ్చే సంఖ్య ఒకటిగా ఉండవు. రికార్డులో చాలా ఎక్కువ కనిపిస్తాయి. ఒక్కో నర్సు నలుగురైదుగురు బిడ్డలను చూసుకునే చోట ఈ తేడా ఇంకా పెరగడం సహజం. ఒక ఆసుపత్రిలో "రోజుకు రెండు", ఇంకో చోట "రోజుకు పది" అని చెప్పారంటే బిడ్డ పరిస్థితి అంత తేడాగా ఉందని అనుకోనక్కర్లేదు.

ఊపిరి ఆగే క్రమం

కడుపులో ఉన్న బిడ్డ కూడా ఊపిరి కదలికలు చేస్తుంది, కానీ ఆగి ఆగి చేస్తుంది. అక్కడ ఆగడం వల్ల నష్టం లేదు, ఆక్సిజన్ మాయ ద్వారా వస్తుంది కాబట్టి. ఆక్సిజన్ తగ్గితే గర్భస్థ శిశువు ఆ కదలికలను మానేస్తుంది, ఆ విధంగా శక్తిని, ఆక్సిజన్‌ను పొదుపు చేసుకుంటుంది. బయటి ప్రపంచంలో కావలసింది దీనికి సరిగ్గా వ్యతిరేకం: ఆక్సిజన్ తగ్గితే ఊపిరి పెరగాలి. నెలలు నిండని బిడ్డ మెదడు ఈ రెండింటి మధ్యలో చిక్కుకుని ఉంటుంది. ఆక్సిజన్ తగ్గగానే ఒకటి రెండు నిమిషాలు ఊపిరి వేగం పెంచుతుంది, ఆ తర్వాత పాత గర్భస్థ స్వభావానికి తిరిగి వెళ్లి ఊపిరిని అణచివేస్తుంది.

కార్బన్ డయాక్సైడ్ విషయంలోనూ ఇలాంటిదే. పెద్దవాళ్లలో రక్తంలో ఈ వాయువు కొంచెం పెరిగినా మెదడు కాండం గుర్తించి ఊపిరి పెంచుతుంది. నెలలు నిండని బిడ్డలో ఆ స్పందన మందకొడి. ఇంకో చిక్కు కూడా ఉంది. కార్బన్ డయాక్సైడ్ ఒక స్థాయికి దిగితే ఊపిరి తీసుకోవాలన్న ప్రేరణే ఆగిపోతుంది. ఈ బిడ్డల్లో ఆ స్థాయి మామూలు స్థాయికి కేవలం ఒకటి, ఒకటిన్నర మిల్లీమీటర్ల పాదరస పీడనం దూరంలో ఉంటుంది. నాలుగు ఊపిరులు వేగంగా తీసుకుంటే చాలు, ఆ గీత దాటి ఊపిరి ఆగిపోతుంది. మెదడులో ఊపిరిని అణచే రసాయనాల ప్రభావం, ముఖ్యంగా ఎడినోసిన్, గాబా అనే రెండింటి ప్రభావం ఈ వయసులో ఎక్కువగా ఉండటం దీనికి తోడవుతుంది.

గొంతు దగ్గర మరో కథ. స్వరపేటిక మీద ద్రవం తగిలితే ఊపిరి ఆపి, మింగి, గుండె వేగం తగ్గించే రక్షణ చర్య ఒకటి పసిబిడ్డల్లో ఉంటుంది. ద్రవం ఊపిరితిత్తుల్లోకి పోకుండా చూడటం దాని పని. నెలలు నిండనివారిలో అది అవసరానికి మించి బలంగా పనిచేస్తుంది. పాలు పట్టేటప్పుడు కొందరు బిడ్డలు నీలంగా మారడానికి ఇదొక కారణం. పీల్చడం, మింగడం, ఊపిరి తీసుకోవడం అనే మూడు పనులను ఒక క్రమంలో పెట్టుకునే నేర్పు 34 వారాల ప్రాంతంలోగానీ రాదు. ఇక గొంతు గోడలు మెత్తన. గడ్డం ఛాతీకి ఆనేలా మెడ వంగితే దారి మూసుకుపోతుంది.

పక్కటెముకలు ఇంకా మృదులాస్థిగానే ఉండటంతో ఊపిరి పీల్చినప్పుడు ఛాతీ లోపలికి గుంజుకుపోతుంది, శ్రమ పెరుగుతుంది, ఊపిరితిత్తుల్లో మిగిలే గాలి తగ్గుతుంది. ఈ బిడ్డలు రోజులో ఎక్కువ భాగం నిద్రలోనే ఉంటారు. అందులోనూ ఎక్కువ భాగం కనుపాపలు కదిలే చురుకు నిద్ర. ఊపిరి అస్తవ్యస్తంగా ఉండేది సరిగ్గా ఆ నిద్రలోనే.

వీటిని బట్టి డాక్టర్లు ఆప్నియాను మూడు రకాలుగా చూస్తారు. మెదడు నుంచి ఆదేశం రాకపోవడం ఒకటి. ఆదేశం వచ్చినా గొంతు దగ్గర దారి మూసుకుపోవడం రెండోది. రెండూ కలిసి రావడం మూడోది. సగం, అంతకంటే ఎక్కువ సందర్భాలు ఈ మూడో రకానివే. మొదట మెదడు ఆపుతుంది, ఆ విరామంలో గొంతు కండరాలు సడలి దారి మూసుకుంటుంది, బిడ్డ మళ్లీ ప్రయత్నించినా గాలి పోదు. చికిత్సలో ఒక్క మందుతో సరిపెట్టుకోలేకపోవడానికి కారణం ఇదే.

వేరే జబ్బు ఉందేమో చూడాల్సిన సందర్భాలు

నెలలు నిండకపోవడం వల్ల వచ్చే ఆప్నియా సాధారణంగా పుట్టిన రెండో రోజు నుంచి మొదటి వారంలోపు మొదలవుతుంది. పుట్టిన 24 గంటల్లోపే ఊపిరి ఆగితే, నెలలు నిండిన బిడ్డలో ఎప్పుడు ఆగినా, కొన్నాళ్లు బాగున్న బిడ్డలో ఒక్కసారిగా ఎక్కువైనా దాన్ని "నెలలు నిండలేదు కాబట్టి" అని సరిపెట్టకూడదు. రక్తంలో ఇన్ఫెక్షన్, మెదడు పొరల ఇన్ఫెక్షన్, రక్తంలో చక్కెర తగ్గడం, మెదడులో రక్తస్రావం, ఫిట్స్, పేగుల వాపు, గుండె దగ్గర మూసుకోవలసిన నాళం తెరిచే ఉండటం, రక్తహీనత ఇవన్నీ ఊపిరి ఆగడంతోనే మొదట బయటపడవచ్చు. అందులో ఇన్ఫెక్షన్‌ను తప్పనిసరిగా అనుమానించాలి. పసిబిడ్డలో జ్వరం కంటే ముందు ఆప్నియా కనిపించడం మామూలే. ఒక్కసారి పెరిగిన ఆప్నియాకు రక్త పరీక్షలు, కల్చర్ (రక్తంలో క్రిములున్నాయేమో పెంచి చూసే పరీక్ష) రాస్తే, అవి అనవసరపు పరీక్షలని అనుకోవద్దు.

వేడి కూడా లెక్కలోకి వస్తుంది. ఇంక్యుబేటర్ లేదా వార్మర్ అవసరానికి మించి వేడెక్కినా, ఒళ్లు చల్లబడినా ఆప్నియా పెరుగుతుంది.

పాలు పైకి తన్నడం వల్లే ఊపిరి ఆగుతోందన్న నమ్మకం తల్లిదండ్రుల్లోనే కాదు, కొందరు వైద్యుల్లోనూ ఉంది. రెండూ ఒకే వయసు బిడ్డల్లో తరచుగా ఉండటంతో ఒకదానికి ఒకటి కారణమనిపిస్తుంది. రికార్డింగులు తీసి చూస్తే చాలా సందర్భాల్లో రెండింటికీ కాల సంబంధం కనిపించలేదు. పాలు తన్నడం తగ్గించే మందులతో ఆప్నియా తగ్గుతుందన్న ఆధారం కూడా లేదు. 2016లో అమెరికన్ అకాడమీ ఇచ్చిన నివేదిక ఇదే చెప్పింది.

కెఫీన్ ఎలా పనిచేస్తుంది

ఊపిరి ఆగినప్పుడు మొదట చేసేది చాలా చిన్న పని. అరికాలిని తట్టడం, వీపు రుద్దడం. చాలామంది బిడ్డలు అంతటితో ఊపిరి అందుకుంటారు. అందుకోకపోతే మెడ సరిచేసి, మాస్క్, బ్యాగ్‌తో గాలి అందిస్తారు.

మళ్లీ మళ్లీ వస్తుంటే ఇచ్చే ప్రధాన మందు కెఫీన్ సిట్రేట్. ఊపిరిని అణచే ఎడినోసిన్ మెదడు కణాల మీద పనిచేసే చోటును ఇది అడ్డుకుంటుంది. దాంతో కార్బన్ డయాక్సైడ్‌కు మెదడు స్పందన మెరుగవుతుంది, డయాఫ్రం కండరం బలంగా కదులుతుంది. మొదట కిలో బరువుకు 20 మిల్లీగ్రాములు, తర్వాత రోజుకు ఒకసారి కిలోకు 5 నుంచి 10 మిల్లీగ్రాములు ఇవ్వడం వాడుక. తల్లి తాగే కాఫీ దీనికి బదులు కాదు. బిడ్డకు డాక్టర్ రాసిన మందు తప్ప ఇంకే రూపంలోనూ కెఫీన్ ఇవ్వకూడదు.

1970ల్లో మొదట థియోఫిలిన్, అమినోఫిలిన్ వాడారు. కెనడాలో జాకబ్ అరాండా బృందం 1977లో కెఫీన్ ఫలితాలు ప్రచురించింది. ఇవన్నీ ఒకే కుటుంబం మందులే. అమినోఫిలిన్‌లో పనిచేసే మోతాదుకు, విషమించే మోతాదుకు మధ్య ఎడం తక్కువ. గుండె దడ కూడా ఎక్కువ. రోజుకు రెండు మూడుసార్లు ఇవ్వాలి. ధర, దొరకడం కారణంగా కొన్ని దేశాల్లో ఇప్పటికీ దాన్నే వాడుతున్నారు.

కెఫీన్ మీద నమ్మకాన్ని స్థిరపరిచింది క్యాప్ అనే అంతర్జాతీయ పరిశోధన. బార్బరా ష్మిట్ నాయకత్వంలో 500 నుంచి 1250 గ్రాముల బరువున్న 2006 మంది బిడ్డల మీద జరిగింది. 2006లో వచ్చిన ఫలితాల్లో, ఊపిరితిత్తులు దీర్ఘకాలం దెబ్బతినడం ఉత్తుత్తి మందు తీసుకున్నవారిలో 47 శాతం ఉంటే, కెఫీన్ తీసుకున్నవారిలో 36 శాతమే ఉంది. ఏడాదిన్నర వయసులో మళ్లీ చూస్తే సెరిబ్రల్ పాల్సీ, అంటే మెదడు దెబ్బతిని కదలికలు పట్టు తప్పే వైకల్యం, 7.3 శాతం నుంచి 4.4 శాతానికి తగ్గింది. పుట్టగానే ఇచ్చిన మందు మెదడుకు హాని చేస్తుందేమోనన్న భయంతో మొదలైన పరీక్ష, మేలు చేస్తుందని తేల్చింది. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నెలలు నిండని బిడ్డల సంరక్షణ సిఫార్సుల్లో ఆప్నియాకు కెఫీన్‌ను గట్టిగా సిఫార్సు చేసింది.

గొంతు తెరిచి ఉంచడం, ఒంటికి ఒళ్లు ఆనించడం

కెఫీన్ మెదడును ఉత్తేజపరుస్తుంది కానీ, గొంతు మూసుకుపోవడాన్ని పెద్దగా ఆపలేదు. ఆ పని సీప్యాప్‌ది. ముక్కు దగ్గర అమర్చిన చిన్న గొట్టాల ద్వారా నిరంతరం తేలికపాటి గాలి ఒత్తిడి ఇస్తే గొంతు తెరిచి ఉంటుంది, ఊపిరితిత్తుల్లో గాలి నిల్వ పెరుగుతుంది. అందుకే ఇది రెండో, మూడో రకం ఆప్నియాల మీద బాగా పనిచేస్తుంది. రెండింటితోనూ అదుపులోకి రాని కొద్దిమందికే వెంటిలేటర్ అవసరమవుతుంది. ఆక్సిజన్ మాత్రం అవసరానికి మించి ఇవ్వకూడదు. ఎక్కువైతే కంటి రెటీనా దెబ్బతింటుంది. శాచురేషన్‌ను సాధారణంగా 90-95 శాతం మధ్య ఉంచాలని చూస్తారు.

కొలంబియా రాజధాని బొగోటాలో 1978లో ఇంక్యుబేటర్ల కొరత మధ్య ఎడ్గార్ రే మొదలుపెట్టిన కంగారూ సంరక్షణ, అంటే బిడ్డను తల్లి ఛాతీ మీద చర్మానికి చర్మం తగిలేలా పెట్టుకోవడం, ఇప్పుడు ప్రామాణిక చికిత్స. ఢిల్లీలోని సఫ్దర్‌జంగ్ ఆసుపత్రితో సహా ఐదు దేశాల్లో జరిగిన పరీక్ష 2021లో వెలువడింది. కిలో నుంచి 1.8 కిలోల లోపు బిడ్డలకు పుట్టిన వెంటనే కంగారూ సంరక్షణ మొదలుపెడితే మొదటి 28 రోజుల్లో మరణాలు 15.7 శాతం నుంచి 12 శాతానికి తగ్గాయి. ఆప్నియాకు నేరుగా మందు అనలేం కానీ, ఒంటి వేడి నిలకడగా ఉండటం, ఇన్ఫెక్షన్లు తగ్గడం అనే రెండు దారుల్లో ఊపిరికి సాయపడుతుంది. బిడ్డ తల పక్కకు తిరిగి, మెడ వంగకుండా, ముక్కు కనిపిస్తూ ఉండాలి.

మెదడుకు దెబ్బ తగులుతుందా

తల్లిదండ్రులు అడగడానికి భయపడే ప్రశ్న ఇది. కొద్ది సెకన్లు ఆగి, దానంతట అదే లేదా తట్టగానే సర్దుకునే ఆప్నియాలు బిడ్డ భవిష్యత్తును దెబ్బతీస్తాయన్న ఆధారం లేదు. అయితే 28 వారాల్లోపు పుట్టిన బిడ్డల మీద 2015లో వచ్చిన పెద్ద విశ్లేషణలో, శాచురేషన్ నిమిషం, అంతకుమించి పడిపోయే ఘటనలు ఎక్కువగా ఉన్నవారిలో ఏడాదిన్నర వయసుకు వైకల్యం ఎక్కువ కనిపించింది. గుండె వేగం మాత్రమే తగ్గిన ఘటనలకు అంత సంబంధం కనిపించలేదు. ఆ బిడ్డలు మొదటి నుంచీ ఎక్కువ అనారోగ్యంతో ఉండటం వల్ల రెండూ కలిసి వచ్చాయా అన్న సందేహం మిగిలే ఉంది. వాటిలో దేని ప్రభావం ఎంతో విడదీయడం కష్టం. ఎన్నిసార్లు ఆగిందన్న దానికంటే, శాచురేషన్ ఎంతసేపు పడిపోయింది, ఎలా కోలుకుంది అని డాక్టర్‌ను అడగడం మేలు.

డిశ్చార్జ్ తేదీ ఎలా నిర్ణయిస్తారు

28 వారాలు దాటి పుట్టినవారిలో ఎక్కువమందికి ఆప్నియా 36-37 వారాల వయసుకు పోతుంది. అంతకంటే ముందు పుట్టినవారిలో కాన్పు తేదీ దాటినా ఉండవచ్చు. 26 వారాలకు పుట్టిన బిడ్డకు, 32 వారాలకు పుట్టిన బిడ్డకు ఒకే రోజున ఇంటికి పంపే లెక్క ఉండదు. పక్క బెడ్ బిడ్డతో పోల్చుకున్నప్పుడు కలిగే బాధకు చాలావరకు కారణం ఈ తేడా తెలియకపోవడమే.

కెఫీన్ ఆపాక ఐదు నుంచి ఏడు రోజులు, కొన్ని ఆసుపత్రుల్లో ఇంకా ఎక్కువ, ఆప్నియా లేకుండా గడిచాకే పంపుతారు. దీని వెనక మందు లెక్క ఉంది. పెద్దవాళ్ల ఒంట్లో కెఫీన్ సగానికి తగ్గడానికి ఐదారు గంటలు చాలు. నెలలు నిండని బిడ్డ కాలేయం దాన్ని విరిచేయలేదు కాబట్టి సుమారు నాలుగు రోజులు పడుతుంది. మందు ఆపిన మూడో రోజున బిడ్డ బాగుందంటే, ఒంట్లో మిగిలిన మందు వల్ల బాగుందో, మెదడు ఎదగడం వల్ల బాగుందో చెప్పలేం. ఈ మధ్యలో ఒక ఆప్నియా వచ్చినా లెక్క మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది. ఖర్చు భారమైన కుటుంబాలకు ఈ వారం చాలా బరువుగా ఉంటుంది. అయినా ఇది తగ్గించుకోదగ్గ వారం కాదు. ప్రభుత్వ ఆసుపత్రుల్లోని నవజాత శిశువుల ప్రత్యేక విభాగాల్లో, అంటే ఎస్‌ఎన్‌సీయూల్లో, జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద చికిత్స ఉచితం. ప్రైవేటులో పరిస్థితి స్థిరపడ్డాక అక్కడికి మార్చే వీలుందేమో అడగవచ్చు.

ఇంట్లో మానిటర్ అవసరమా

పసిబిడ్డలు నిద్రలో హఠాత్తుగా చనిపోవడానికి ఆప్నియాయే ముందు సూచన అన్న ఆలోచనకు బలమిచ్చింది అమెరికా వైద్యుడు ఆల్‌ఫ్రెడ్ స్టైన్‌ష్నైడర్ 1972లో ప్రచురించిన వ్యాసం. అందులో ఐదుగురు బిడ్డల్ని వరసగా పోగొట్టుకున్న ఒక న్యూయార్క్ కుటుంబం ప్రధానం. ఆ తర్వాత ఇంటి మానిటర్లు వేల సంఖ్యలో ఇళ్లకు చేరాయి. రెండు దశాబ్దాల తర్వాత ఆ కేసును మళ్లీ తవ్వితే, ఆ పిల్లలను ఊపిరాడకుండా చేసి చంపింది కన్నతల్లేనని 1995లో కోర్టు తేల్చింది. ఒక సిద్ధాంతానికి పునాదిగా నిలిచిన ప్రధాన ఆధారం అక్కడే కూలిపోయింది.

ఆధారం పోయినా ప్రశ్న మిగిలింది. దానికి జవాబిచ్చినది 2001లో వచ్చిన చైమ్ అధ్యయనం. 1079 మంది బిడ్డలను ఇళ్లలో ఏడు లక్షల గంటలకు పైగా రికార్డు చేశారు. మామూలు అలారం హద్దు దాటిన ఘటనలు 41 శాతం మందిలో కనిపించాయి. వారిలో నెలలు నిండి, ఆరోగ్యంగా ఉన్నవారూ ఉన్నారు. తీవ్రమైన ఘటనలు నెలలు నిండనివారిలో ఎక్కువే అయినా, 43 వారాల వయసు దాటాక ఆ అదనపు ముప్పు కనిపించలేదు. నిద్రలో మరణాలు ఎక్కువగా జరిగేది పుట్టిన రెండో నెల నుంచి నాలుగో నెల మధ్య. ఆప్నియా, ఈ మరణాలు ఒకే దారిలో నడవడం లేదు. ఇంటి మానిటర్లు ఆ మరణాలను ఆపుతాయన్న ఆధారం లేదని అమెరికన్ అకాడమీ చెబుతోంది. ఆన్‌లైన్‌లో అమ్మే సాక్స్, పట్టీల రకం పరికరాలకూ ఇదే వర్తిస్తుంది. ఇంటికి ఆక్సిజన్‌తో వెళ్లే బిడ్డలకు డాక్టర్ రాసే మానిటర్ సంగతి వేరు.

ఇంటికి వచ్చాక మారాల్సిన అలవాట్లు

ఎన్‌ఐసీయూలో బోర్లా పడుకోబెట్టడం చూసిన తల్లులు ఇంట్లోనూ అలాగే చేయాలనుకుంటారు. అక్కడ మానిటర్ ఉంది, నర్సు ఉంది. ఇంట్లో ప్రతి నిద్రకూ వెల్లకిలా, గట్టి పరుపు మీద, దిండు లేకుండా పడుకోబెట్టాలి.

చీరతో కట్టిన ఉయ్యాల మన ఇళ్లలో సర్వసాధారణం. నెలలు నిండిన, మెడ నిలిచిన బిడ్డ సంగతి వేరు. నెలలు నిండని బిడ్డకు ఆ గుడ్డ వంపులో గడ్డం ఛాతీకి ఆనుతుంది, గొంతు దారి సన్నబడుతుంది. కొన్ని నెలల పాటు నిద్రకు దాన్ని వాడకపోవడమే క్షేమం. స్నానం తర్వాత సాంబ్రాణి పొగ పట్టడం, ముక్కులో నూనె చుక్కలు వేయడం, ముక్కులోకి ఊదడం కూడా మానుకోవాలి. పైన చెప్పిన స్వరపేటిక రక్షణ చర్యను రేపేవి ఇలాంటివే. ఇంట్లో పొగ తాగడం అసలే వద్దు. జలుబు, దగ్గు ఉన్నవారు బిడ్డ దగ్గరకు రాకూడదు. ఆర్‌ఎస్‌వీ అనే వైరస్ సోకినప్పుడు, దగ్గు ఇంకా మొదలవకముందే ఊపిరి ఆగడం ఈ బిడ్డల్లో చూస్తుంటారు.

పాలు పట్టేటప్పుడు నీలంగా మారడం, పిలిచినా తట్టినా స్పందన లేకపోవడం, డిశ్చార్జ్ తర్వాత ఊపిరి ఆగినట్టు అనిపించడం, వీటిలో ఏది జరిగినా తగ్గిపోయింది కదా అని ఇంట్లో ఉంచుకోకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. 108కు ఫోన్ చేసి, బిడ్డను వెల్లకిలా మెడ వంగకుండా ఉంచి, అరికాలు తట్టాలి. పట్టుకుని ఊపకూడదు. ఇంటికి వచ్చే ఆశా కార్యకర్తకు బిడ్డ ఎన్ని వారాలకు పుట్టిందో మొదటి సందర్శనలోనే చెప్పాలి.

టీకాలు ఆలస్యం చేయనక్కర్లేదు. పుట్టిన తేదీ లెక్క ప్రకారమే వేస్తారు. ఇంకా ఆసుపత్రిలోనే ఉన్న చిన్న బిడ్డలకు టీకా తర్వాత రెండు మూడు రోజులు ఆప్నియా పెరగవచ్చు కాబట్టి మానిటర్ మీద ఉంచుతారు. రెటీనా పరీక్ష తర్వాతా అలాగే గమనిస్తారు.

ఆప్నియా పూర్తిగా తగ్గిపోయిన చాలా వారాలకు కూడా ఒక సందర్భంలో అది తిరిగి రావచ్చు. నెలలు నిండని మగబిడ్డల్లో గజ్జల్లో హెర్నియా ఎక్కువ, దానికి ఆపరేషన్ కావాలి. మత్తు ఇచ్చిన తర్వాతి గంటల్లో ఈ బిడ్డల్లో ఊపిరి ఆగే ముప్పు ఉంటుంది. గర్భం లెక్కలో 60 వారాల వయసు లోపు వారిని, ముఖ్యంగా రక్తహీనత ఉన్నవారిని, ఆపరేషన్ తర్వాత ఒక రాత్రి మానిటర్ మీద ఉంచడం చాలా ఆసుపత్రుల్లో పద్ధతి. ఆపరేషన్ చేసే ఆసుపత్రి సాధారణంగా పుట్టిన ఆసుపత్రి కాదు. బిడ్డకు నాలుగు నెలలని మాత్రమే చెబితే మత్తు డాక్టర్‌కు సగం సమాచారమే అందినట్టు. 28 వారాలకు పుట్టిందని, ఎన్ని రోజులు కెఫీన్ వాడారని, ఆఖరి ఆప్నియా ఎప్పుడు వచ్చిందని డిశ్చార్జ్ సమ్మరీ చూపించి చెప్పాలి.